ఆపేద్దాం సరే, బదులేమిటి?

(బొగ్గు, చమురు వాడకం ఆపడం గురించిన ఈ ప్రసంగానికి ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకు వినిపిస్తోందా? సరే.

మొదటే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. నేను ముప్ఫయ్యేళ్లకు పైగా బొగ్గు కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి. బాయిలర్ దగ్గర కొన్నాళ్లు, కంట్రోల్ రూమ్‌లో ఎక్కువ కాలం. బొగ్గు ఉప్పు తిన్నవాడు బొగ్గును తిడతాడా అని మీలో ఎవరైనా అనుకుంటే తప్పేం లేదు. అనుకునే వినండి.

భూమి వేడెక్కుతోందా? వేడెక్కుతోంది. మనం తగలబెట్టేదాని వల్లేనా? మన వల్లే. ఇందులో నాకు పేచీ లేదు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని టిండాల్ అనే ఐర్లండ్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో కొలవడం మొదలుపెట్టింది 1859లో. అది రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో అరీనియస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1896లో కాగితం మీద లెక్కకట్టాడు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కీలింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త కొలతలు మొదలుపెట్టిన రోజుల్లో, గాలిలో అది పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఇదంతా నిన్నగాక మొన్న ఎవరో పుట్టించిన పుకారు కాదు. భూమి వేడెక్కడం బూటకం అని మీకెవరైనా వాట్సాప్‌లో మెసేజ్ పంపితే, దాన్ని నాకు ఫార్వర్డ్ చెయ్యకండి, మీకు పుణ్యముంటుంది.

మరి నా అనుమానం దేని మీద? బొగ్గు, చమురు, గ్యాసు ఆపెయ్యాలనే వాతావరణ ఉద్యమం మీద. ఉద్యమం అడిగే ప్రశ్న మీద కూడా కాదు, అది అడగని ప్రశ్న మీద. ఆపెయ్యండి అంటారు. సరే, ఆపేద్దాం. దాని బదులేమిటి? ఈ ఒక్క ముక్క ఇవాళ పదిసార్లు అంటాను, విసుక్కోకండి. బదులేమిటి?

బాబూ, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆపకు, తగ్గిస్తే చాలు.

నవ్వుతున్నారు గానీ, 2021లో గ్లాస్గో వాతావరణ సభలో దాదాపు రెండు వందల దేశాలు చివరి గంటల్లో కొట్టుకున్నది సరిగ్గా ఈ మాట దగ్గరే. ముసాయిదాలో బొగ్గు కరెంటును దశలవారీగా ఆపేద్దాం అని ఉంది. చివరికది దశలవారీగా తగ్గిద్దాం అయింది. సభ అధ్యక్షుడికి గొంతు పూడుకుపోయింది, అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. భారత్, చైనా కలిసి ఒప్పందాన్ని నీరుగార్చాయని పత్రికలన్నీ దుమ్మెత్తిపోశాయి. ఆ ఒక్క మాట మార్పించినవాడెవడో గానీ కంట్రోల్ రూమ్ గడప తొక్కినవాడే అయ్యుంటాడని నేను మాత్రం అనుకున్నాను.

కంట్రోల్ రూమ్ ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. ఎంత పెద్ద గది అయినా అందరి కళ్లూ ఒకే అంకె మీద ఉంటాయి. 50. ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. ఊళ్లన్నీ కలిసి ఈ క్షణం ఎంత కరెంటు వాడుతున్నాయో, ప్లాంట్లన్నీ కలిసి ఈ క్షణం అంతే తయారుచేస్తే అది 50 దగ్గర నిలబడుతుంది. వాడకం ఎక్కువైతే 49.9, 49.8 అని జారుతుంది. జారిన కొద్దీ గదిలో మాటలు తగ్గుతాయి. సాయంత్రం ఆరున్నర, ఏడు. పొద్దు గూకుతుంది, ఇళ్లలో లైట్లు ఒక్కసారిగా వెలుగుతాయి, సోలార్ సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోతుంది. ఫోన్ మోగుతుంది. లోడు పెంచండి, అంటే ఇంకా కరెంటు తయారుచెయ్యండి, అంటారు. మేము పర్యావరణం గురించి ఆలోచిస్తున్నాం, కాసేపాగి చేస్తాం అనడానికి లేదు కదా!

500 మెగావాట్ల యూనిట్, అంటే ఒక బాయిలరూ దాని టర్బైనూ కలిపి, పూర్తి లోడు మీద ఉంటే, బొగ్గు నాణ్యతను బట్టి గంటకు 300 టన్నులు కూడా మింగుతుంది. ఆ బొగ్గును మిల్లులో వేసి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేసి, వేడిగాలితో బాయిలర్‌లోకి ఊదుతాం. పక్కన చిన్న కిటికీ ఉంటుంది. నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుని చూడాలి. లోపల ఉండేది మంట అని చెప్పడం కుదరదు, పది అంతస్తుల ఎత్తు సుడిగుండం అది. పోనీ సాయంత్రానికే కదా, పగలంతా ఆపేసి రాత్రికి వెలిగించుకుందామా? చల్లారిన యూనిట్‌ను మళ్లీ లేపాలంటే ముందు నూనె మండించాలి, గంటల తరబడి మెల్లగా వేడెక్కించాలి. టర్బైన్‌లో తిరిగే ఇరుసును, రోటర్ అంటాం, తొందరపెడితే వంగుతుంది. వంగితే బాగుచెయ్యడానికి నెలలు.

బ్యాటరీలు వచ్చాయి కదండీ అంటారు. వచ్చాయి, నేనూ చూస్తున్నాను. కాలిఫోర్నియాలో సాయంత్రం పూట గ్రిడ్డును ఇప్పుడు చాలావరకు ఆదుకుంటున్నవి అవే. ఎక్కువగా నాలుగు గంటలవి. అంటే నాలుగు గంటలకు బదులు దొరికింది. చాలా సంతోషం, నా సర్వీసులో అది చూస్తాననుకోలేదు. మరి గాలి పడిపోయి, మబ్బు కమ్మి, రోజుల తరబడి అలాగే ఉంటే? జర్మన్లు దానికి ఒక పేరే పెట్టుకున్నారు, డుంకెల్‌ఫ్లౌటె అని. చీకటి, పైగా గాలిలేమి. 2024 నవంబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చింది. అప్పుడు గ్రిడ్డును మోసింది ఎవరు? ముసలి బొగ్గు యూనిట్లు, గ్యాసు యూనిట్లు, పక్కదేశాల కరెంటు.

ఇంతవరకు చెప్పింది కరెంటు సంగతి. మనుషులు చివరికి వాడుకునే శక్తిలో కరెంటు ఐదో వంతు మాత్రమే. మిగతా నాలుగు వంతులు? లారీ, ఓడ, విమానం, కొలిమి, బట్టీ, పొయ్యి. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో బొగ్గు, చమురు, గ్యాసు వాటా ఇప్పటికీ 80 శాతం పైనే. ఇందులో చిన్న మాయ ఉందని నా వృత్తివాళ్లే ఒప్పుకుంటారు. మేము కాల్చే బొగ్గు వేడిలో మూడింట రెండు వంతులు కూలింగ్ టవర్‌కీ చిమ్నీకీ పోతుంది, అది కూడా ఈ లెక్కలో పడుతుంది. ఆ మాయ తీసేసి చూసినా శిలాజ ఇంధనాల వాటా సగానికి చాలా పైన ఉంటుంది. 1997లో క్యోటో వాతావరణ ఒప్పందం, 2015లో పారిస్ ఒప్పందం, మధ్యలో ఏటా ఒక సభ. ఇన్ని సభల తర్వాత 2024లో ప్రపంచం కాల్చిన బొగ్గు 870 కోట్ల టన్నుల పైన. చరిత్రలో అప్పటిదాకా అంత ఎప్పుడూ కాల్చలేదు.

ఎందుకని? కంపెనీల దురాశ అంటారు. దురాశ ఉంది, కాదనను. కానీ ఇనుము సంగతి చూడండి. ఇనుప ఖనిజం అంటే ఇనుమూ ఆక్సిజనూ విడదీయరానంతగా అతుక్కుపోయిన రాయి. ఆ ఆక్సిజన్‌ను లాక్కుపోయే పని కార్బన్‌ది. కాబట్టి బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు ఉన్నది మంట కోసమే కాదు, అది అక్కడ కూలి పని చేస్తోంది. కరెంటు పెట్టి వేడి చేసినంత మాత్రాన ఆ పని జరగదు. సిమెంటు ఇంకా మొండిది. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. సిమెంటు వదిలేదాంట్లో సగానికి పైగా ఆ రాయిలోదే, ఇంధనంది కాదు. బట్టీని సూర్యుడితో కాల్చినా అది ఆగదు. ఇక సోలార్ ప్యానెల్. అందులోని సిలికాన్ ఎలా వస్తుంది? క్వార్ట్జ్ రాయిని కార్బన్‌తో కలిపి ఆర్క్ ఫర్నేస్‌లో కాల్చితే వస్తుంది. బొగ్గే సోలార్‌కు మంత్రసాని అన్నమాట. అలాగని దీన్ని పట్టుకుని సోలార్ దండగ అని ప్రచారం చెయ్యకండి, ఆ ప్యానెల్ తన తయారీకి పట్టిన శక్తిని ఒకటి రెండేళ్లలో తిరిగిచ్చేస్తుంది. తర్వాత ఇరవై ఏళ్ల పైన లాభమే. నేను చెప్పేది ఒకటే, మంత్రసానిని కాన్పుకు ముందే ఇంటికి పంపెయ్యకూడదు.

బదులు పుట్టడం లేదా? పుడుతోంది. బొగ్గుకు బదులు హైడ్రోజన్‌తో చేసిన స్టీలు 2021లో స్వీడన్‌లో మొదటిసారి బయటికొచ్చింది. నడిపించాలి దాన్ని. ఇంకా పారాడుతోంది, ప్రపంచం ఏటా పోసే స్టీలేమో సుమారు 190 కోట్ల టన్నులు.

బదులు లేకుండా ఆపితే ఏమవుతుందో ఒక దేశం చేసి చూపించింది. శ్రీలంక. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా నిలిపేశారు. అది వాతావరణ ఉద్యమం కాదు, సేంద్రియ వ్యవసాయం పేరుతో చేశారు. రోగం మాత్రం ఇదే. యూరియా అంటే ఏమిటండీ? సహజవాయువులోంచో బొగ్గులోంచో హైడ్రోజన్ తీసి, గాలిలోని నైట్రోజన్‌తో కలిపి, అమ్మోనియా చేసి... హేబర్, బోష్ అనే ఇద్దరు వందేళ్ల కింద చూపించిన దారి అది. ఇవాళ భూమ్మీద ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తిండి దాని పుణ్యమే. శ్రీలంకలో వరి దిగుబడి పడిపోయింది, తేయాకు పడిపోయింది, నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు. అప్పటికే విత్తనం వేసేసిన రైతు ఎవరికి చెప్పుకోవాలి?

చెయ్యి మారితే ఆగినట్టా?

చమురు కంపెనీల షేర్లు అమ్మెయ్యండి అని యూనివర్సిటీల మీద పెద్ద ఉద్యమం నడిచింది. చాలా యూనివర్సిటీలు అమ్మేశాయి. షేరు అమ్మాలంటే కొనేవాడు ఉండాలి కదా? ఎవరో కొన్నారు. బావి అలాగే ఉంది, పంపు అలాగే తిరుగుతోంది. పైగా ప్రపంచంలో తీసే చమురులో సగానికి పైగా ప్రభుత్వ కంపెనీలదే. వాటి గేటు ముందు మాత్రం ఎవరూ ధర్నాకు కూర్చోరు. చాలాచోట్ల కూర్చోనివ్వరు కూడా.

జర్మనీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2021లో గ్లాస్గోలోనే, బయటి దేశాల్లో శిలాజ ఇంధన ప్రాజెక్టులకు ప్రభుత్వ డబ్బు ఆపేస్తామని కొన్ని దేశాలు సంతకాలు పెట్టాయి. జర్మనీ కూడా పెట్టింది. మూడు నెలలు తిరిగేసరికి ఉక్రెయిన్ యుద్ధం వచ్చిపడింది. రష్యా గ్యాసు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. 2022 మే నెలలో జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ సెనెగల్ వెళ్లి, మీ గ్యాసు గురించి మాట్లాడుకుందాం అన్నాడు. నిన్నటిదాకా గ్యాసు జోలికి పోకండి అని ఆఫ్రికాకు చెప్పినవాళ్లే! అదే ఏడాది డిసెంబరుకల్లా విల్‌హెల్మ్‌స్‌హావెన్ రేవులో, ఓడల్లో వచ్చే గ్యాసు దించుకునే టెర్మినల్ సిద్ధమైంది. పది నెలల్లో. మూలన పెట్టిన బొగ్గు యూనిట్లు మళ్లీ లేపారు. 2023 జనవరిలో ల్యుట్సెరాట్ అనే ఊరి నుంచి ఉద్యమకారులను పోలీసులు మోసుకెళ్లి బయటపడేశారు, ఆ ఊరి కింద బొగ్గు ఉంది కాబట్టి. సరే, కష్టకాలం, అర్థం చేసుకుందాం. మరి ఆ ఏప్రిల్ 15న ఏం చేశారు? ఆఖరి మూడు అణు రియాక్టర్లు మూసేశారు. పొగ రాని కరెంటు ఇచ్చే మూడింటిని! అది జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011లో తీసుకున్న నిర్ణయం, దాని వెనక దశాబ్దాల ఉద్యమం. ఆ తర్వాత అక్కడ బొగ్గు కరెంటు తగ్గిందన్నది నిజమే, దాచను. కానీ ముందు ఏది మూసెయ్యాలి, తర్వాత ఏది మూసెయ్యాలి అన్న వరస తప్పితే ఇలాగే ఉంటుంది.

దీన్ని ఫ్రాన్స్ పక్కన పెట్టి చూడండి. 1973లో చమురు ధర మండింది. 1974లో అక్కడి ప్రభుత్వం అణు విద్యుత్తు కట్టాలని పెద్ద పథకం వేసుకుంది. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగేసరికి దేశం కరెంటులో నాలుగింట మూడు వంతులు అణు కరెంటే. ఒక పెద్ద దేశం అంత వేగంగా కరెంటులో కార్బన్ తగ్గించుకున్న సందర్భాలు చాలా తక్కువ. వాతావరణం కోసం చేశారా? ఆ మాటే అప్పుడు ఎవరి నోటా లేదు. చమురు కొనలేక చేశారు. పర్యావరణవాదుల్లో చాలామంది అక్కడా అడ్డం పడ్డారు.

ఆపడం అసలెప్పుడూ జరగలేదా అంటే, జరిగింది. ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకున్నారు, ఫ్రిజ్‌లలో వాడే, ఆ పొరను తినేసే గ్యాసులు నిజంగానే ఆగాయి. ఎందుకు ఆగాయి? బదులు గ్యాసు తయారుచెయ్యగలం అని కంపెనీలకు నమ్మకం కుదిరింది కాబట్టి. బ్రిటన్‌లో బొగ్గు కరెంటు 1882లో లండన్‌లో మొదలైంది, 2024 సెప్టెంబరు 30న ఆఖరి ప్లాంటు మూతపడింది. 2012లో కూడా అక్కడ కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే. పన్నెండేళ్లలో సున్నా. నాలాంటివాడు కూడా టోపీ తియ్యాల్సిందే. వాళ్లకు సముద్రంలో గాలిమరలు దొరికాయి, కార్బన్ మీద పన్ను వేశారు, మిగతాది గ్యాసు మోసింది. గ్యాసు కూడా శిలాజ ఇంధనమే, మర్చిపోకండి.

గ్యాసు అన్నాను కాబట్టి ఇంకో మాట. ఈ భూమ్మీద 200 కోట్ల మందికి పైగా ఇంకా కట్టెలు, పిడకలు, బొగ్గులతోనే వండుకుంటున్నారు. ఇంట్లో పొగ వల్ల 2020లో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకునే ఆ తల్లికి ఇవాళ తొందరగా అందగల బదులు ఏమిటి? చాలాచోట్ల గ్యాసు సిలిండరే. శిలాజ ఇంధనాలకు ఇక పైసా ఇవ్వం అని బ్యానరు రాసేవాళ్లు ఆ తల్లి వంటింట్లో ఒక్క పూట కూర్చోవాలి.

సూపు, గడువులు, ఒక తెల్లబట్ట

2022 అక్టోబరులో లండన్ నేషనల్ గ్యాలరీలో చమురు ఆపండి అంటూ ఇద్దరు అమ్మాయిలు వాన్ గో అనే చిత్రకారుడు గీసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద టమాటా సూపు పోశారు. అద్దం ఉంది కాబట్టి బొమ్మకేం కాలేదు, ఫ్రేము పాడైంది. ప్రపంచమంతా చూసింది. ఆ రోజు ప్రపంచం కాల్చిన పది కోట్ల పీపాల చమురులో ఒక్క పీపా తగ్గిందా? ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లు నిజంగా భయపడ్డారు. నా కోపం వాళ్లను అంతగా భయపెట్టిన పెద్దవాళ్ల మీద. 2018లో ఐపీసీసీ, అంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం, నివేదిక చెప్పింది, వేడిని ఒకటిన్నర డిగ్రీల దగ్గర ఆపాలంటే 2030కల్లా ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాలని. అది వీధిలోకి వచ్చేసరికి, పన్నెండేళ్లలో ప్రపంచం అంతం అయింది! హిమాలయాల మంచు 2035కల్లా కరిగిపోతుందని అదే సంస్థ నివేదికలో ఒక వాక్యం పడింది, తప్పని 2010లో ఒప్పుకున్నారు. అమెరికాలో గ్లేసియర్ నేషనల్ పార్కులో 2020కల్లా హిమానీనదాలు ఉండవని బోర్డులు పెట్టారు. 2020 వచ్చింది, బోర్డులు మార్చారు. హిమానీనదాలు కుంచించుకుపోతున్న మాట నిజం. నిజానికి గడువు తగిలించి అబద్ధం చేశారు. నాన్నా పులి కథ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఒక్క లెక్క ఎవరూ చెప్పరు. 1970లో భోలా తుపాను, ఇప్పటి బంగ్లాదేశ్‌లో. మూడు లక్షల మందైనా పోయారు. 2020లో అదే తీరాల మీదికి అంఫన్ అనే పెద్ద తుపాను వచ్చింది. భారత్, బంగ్లాదేశ్ రెండింట్లో కలిపి పోయినవాళ్లు వంద పైచిలుకు. సముద్రం చల్లబడిందా? లేదు. ముందే హెచ్చరిక వచ్చింది, లారీల్లో జనాన్ని తరలించారు, కాంక్రీటు షెల్టర్లలో పెట్టారు. కాంక్రీటంటే సిమెంటు, స్టీలు. లారీ అంటే డీజిల్. వేడెక్కే ప్రపంచంలో బతికి బట్టకట్టడానికి కావలసినవన్నీ ఇప్పటికి అందులోంచే వస్తున్నాయి. ఇది నాకేం హాయిగా లేదు, చెప్పకపోతే మోసం అవుతుందని చెబుతున్నాను.

అంటే ఉద్యమాలు అక్కర్లేదా? మా ప్లాంటులో జరిగింది చెబుతాను. చిమ్నీ కంటే ముందు బూడిదను పట్టే యంత్రం ఉంటుంది, ఈఎస్పీ అంటాం. మా యూనిట్లో దాని ఫీల్డులు, అంటే లోపలి అరలు, రెండు పనిచెయ్యడం మానేశాయి. షట్‌డౌన్, అంటే యూనిట్ ఆపి రిపేరు చేసుకునే వీలు, దొరకలేదని నెలల తరబడి వాయిదా వేస్తూ వచ్చాం. ఒకరోజు పక్క ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆరేసిన తెల్లబట్ట తెచ్చి నా టేబుల్ మీద పరిచి, ఒక్కసారి దులిపింది. నా రిజిస్టర్, నా టీ గ్లాసు, అన్నీ బూడిద. మీ యంత్రం ఎప్పుడు బాగుచేస్తారు అంది, అంతే. ప్లాంటు మూసెయ్యమనలేదు. ఆవిడ వెనక గేటు దగ్గర నలభై మంది కూర్చున్నారు, లేవలేదు. మూడో వారంలో షట్‌డౌన్ దొరికింది. అన్ని నెలలు దొరకనిది ఎలా దొరికిందో ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

నాకు కనిపించిన ఉద్యమాల్లో అది గెలిచింది. ఏం కావాలో ఆవిడకు తెలుసు.

చమురు కంపెనీలను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచే వేడెక్కడాన్ని చాలా దగ్గరగా అంచనా కట్టారు. లోపల ఒకటి తెలుసుకుని, బయట ఇంకోటి చెప్పారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి కరెంటు పోతే, గాలిమరల వల్లే అని మా పక్షం వాళ్లు ఊదరగొట్టారు. ఎక్కువగా పడిపోయింది గ్యాసు ప్లాంట్లు. మా పక్షం కూడా అబద్ధాలు ఆడుతుంది.

ఇందాక మెట్ల దగ్గర ఒక అమ్మాయి అడిగింది, మీ ప్లాంటు మూసేస్తే మీకు బాధేనా సార్ అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఒక యూనిట్ మూసేశారమ్మా. నేను మొదట చేరినప్పుడు పనిచేసింది అందులోనే. వయసైపోయింది. రిటైరైనా నన్ను పిలిచారు, వెళ్లాను. లోడు మెల్లగా దించారు. బ్రేకర్ తెరిచారు, అంటే బయటి లైన్లతో లింకు తెంచారు. టర్బైన్ మాత్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, దానికి ఆగిపోమన్నారని తెలియదు కదా. మోత సన్నబడుతూ సన్నబడుతూ పోయింది. మాలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. నేను అలవాటుకొద్దీ ఫ్రీక్వెన్సీ చూశాను. 50. కదల్లేదు. ఎందుకంటే గోడకు అవతల కొత్త యూనిట్ అప్పటికే నడుస్తోంది. దీనికి మూడు రెట్లు పెద్దది, అంతే కరెంటుకు తక్కువ బొగ్గు తింటుంది. అదీ బొగ్గుదే.

సరే, ఇప్పుడు మీరు అడగండి. మైకు ముందు ఆ అమ్మాయికే ఇవ్వండి, తనకింకా తృప్తి కలగలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.